కబడ్డీ మోకాలు: గాయం తలరాతా, తర్ఫీదు లోపమా?

కబడ్డీ ఆటగాడిని ఎక్కువగా బాధపెట్టే గాయాల్లో ముందు వరసలో ఉండేది మోకాలి గాయం. చీలమండ, భుజం, చేతివేళ్లు ఆ తర్వాత వస్తాయి. ఆట స్వభావమే ఇందుకు కారణం. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. మహిళల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. ఒక్కో కూతకు 30 సెకన్ల గడువు. అంత చిన్న చోట, అంత తక్కువ సమయంలో రైడర్ పరుగు తీయాలి, ఉన్నట్టుండి ఆగాలి, పక్కకు మళ్లాలి, వెనక్కి దూకాలి, ఏడుగురి మధ్య నుంచి ఒంటరిగా గీత చేరాలి. డిఫెండర్ అతని మడమనో తొడనో దొరకబుచ్చుకుని అక్కడే ఆపాలి. ఈ కదలికలన్నిటి భారమూ చివరికి మోకాలి మీదే పడుతుంది.

ఈ గాయాల విషయంలో మైదానంలో రెండు దృక్పథాలు ఉన్నాయి. దెబ్బలు ఆటలో భాగమని, ఆడగా ఆడగా ఒళ్లు రాటుదేలుతుందని, అదే అసలైన రక్షణ అని మొదటి పక్షం నమ్ముతుంది. చాలా గాయాలకు ముందే కనిపించే కారణాలు ఉంటాయని, క్రమమైన వ్యాయామంతో వాటిలో పెద్ద భాగాన్ని తప్పించవచ్చని రెండో పక్షం వాదిస్తుంది. కింది సంవాదంలో మొదటి పక్షాన ఒక కబడ్డీ శిక్షకుడు, రెండో పక్షాన క్రీడా గాయాలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టు మాట్లాడతారు.

గాయం ఎక్కడ మొదలవుతుంది

శిక్షకుడు: డాక్టర్ గారూ, కబడ్డీ అంటేనే పట్టు. పట్టు పడ్డాక నలుగురు మీద పడతారు. దెబ్బ తగలకుండా ఆడమనడం, ఆట మానేయమనడం రెండూ ఒకటే. ఏ కాలు ఎప్పుడు మెలిపడుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

ఫిజియో: ఏ పిల్లవాడికి ఏ రోజున తగులుతుందో చెప్పలేం మాస్టారూ. ఎలాంటి కదలికలో, ఎలాంటి ఒంటికి తగిలే అవకాశం ఎక్కువో చెప్పగలం. ఏసీఎల్ అనే లిగమెంటునే తీసుకోండి. మోకాలి కీలు మధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి ఉంచే సుమారు మూడు సెంటీమీటర్ల కట్టు అది. కాలి ఎముక ముందుకు జారిపోకుండా, కీలు అతిగా మెలిపడకుండా కాస్తుంది. వివిధ క్రీడల్లో అది తెగిన సందర్భాలను పరిశీలిస్తే, పదింటిలో సుమారు ఏడు ఎవరూ మోకాలిని తాకకుండానే జరిగాయి. దూకి దిగుతున్నప్పుడో, పరుగులో ఉన్నట్టుండి ఆగి మళ్లుతున్నప్పుడో తెగాయి.

శిక్షకుడు: ఆ లెక్క ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలది. అక్కడెవరూ ప్రత్యర్థి కాలు పట్టుకుని లాగరు. కబడ్డీకి దాన్ని అతికిస్తే ఎలా?

ఫిజియో: ఆ అభ్యంతరం న్యాయమైనదే. కబడ్డీలో పట్టు వల్ల తెగేవి వేరే ఉన్నాయి. ఒక డిఫెండర్ పాదాన్ని నేలకు అదిమి పట్టుకున్నప్పుడు మరొకరు పక్క నుంచి డాష్ ఇస్తే, అంటే ఒంటితో గుద్దితే, పాదం కదలదు, ఒళ్లు తిరుగుతుంది. ఆ మెలి అంతా మోకాలే భరించాలి. అయినా రైడర్ పట్టుకు చిక్కకముందు చేసే పనులన్నీ మిగతా ఆటల్లో ఉన్నవే. హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ వీడియోలను నిశితంగా పరిశీలించినవారు మరో సంగతి గమనించారు. పాదం నేలకు ఆనిన సుమారు 40 మిల్లీసెకన్లకే లిగమెంటు తెగిపోతోంది. రెప్పపాటు కన్నా తక్కువ వ్యవధి అది. ఆలోచించి కాలు సర్దుకునే వీలే ఉండదు. సరైన కదలిక ముందే ఒంటికి అలవాటై ఉండాలి. ఆ అలవాటు చేయించేదే తర్ఫీదు.

వార్మప్‌లో ఏం చేయాలి

శిక్షకుడు: తర్ఫీదు లేకుండా ఏ జట్టూ కోర్టులోకి దిగదు. మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగు, ఆ తర్వాత వంగి కాలివేళ్లు పట్టుకోవడం, తొడలు సాగదీయడం. ఇది అందరూ చేయించేదే.

ఫిజియో: పరుగు మంచిదే. ఒంట్లో వేడి పుడుతుంది, కండరాలకు రక్తం చేరుతుంది. కదలకుండా నిలబడి సాగదీయడం మీదే ఆశ పెట్టుకోకూడదు. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందితో ఒక పరిశోధన చేశారు. దాని ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఒక వర్గానికి వ్యాయామం ముందు కాలి కండరాలను సాగదీయించారు, రెండో వర్గానికి లేదు. పన్నెండు వారాల శిక్షణలో రెండు వర్గాల గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దేహదారుఢ్యం తక్కువగా ఉన్నవారికి మాత్రం గాయాలు స్పష్టంగా ఎక్కువయ్యాయి. పైగా ఒకే భంగిమలో నిమిషానికి మించి సాగదీస్తే ఆ కండరం బలం కాసేపు తగ్గుతుంది. అలాంటివి ఆట ముగిశాక చేయించడం మేలు.

శిక్షకుడు: మరి ఆటకు ముందు ఏం చేయించమంటారు?

ఫిజియో: ఫుట్‌బాల్‌లో ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు. మొదటి ఎనిమిది నిమిషాలు నెమ్మదిగా పరుగులు, మధ్యలో పది నిమిషాలు బలం, దూకడం, ఒంటికాలి నిలకడ, చివరి రెండు నిమిషాలు వేగంగా పరుగూ మళ్లింపులూ. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ బాలికల మీద దీన్ని పరీక్షించారు. 125 క్లబ్బులు, 1,892 మంది బాలికలు. 2008లో ఫలితాలు ప్రకటించారు. వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు సుమారు మూడో వంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. అంతకు ముందే, 2005లో, అదే దేశంలో యువ హ్యాండ్‌బాల్ జట్ల మీద ఇలాంటి వ్యాయామాలతోనే ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. అక్కడ ఆకస్మిక మోకాలి, చీలమండ గాయాలు సగానికి తగ్గాయి. ఆగడం, మళ్లడం, దూకడం విషయంలో హ్యాండ్‌బాల్ కబడ్డీకి దగ్గరి చుట్టం.

శిక్షకుడు: నార్వేలో చెల్లింది మన జిల్లాలో చెల్లాలంటే సమయం ఉండాలి. బడి వదిలాక చీకటి పడేదాకా దొరికేది ఒక్క గంట. అందులో 20 నిమిషాలు ఒంటికాలి మీద నిలబెడితే కూత ఎప్పుడు నేర్పాలి, పట్టు ఎప్పుడు నేర్పాలి? పిల్లలకూ విసుగే. నాలుగు రోజులు చేసి ఎగ్గొడతారు.

ఫిజియో: ఎగ్గొట్టిన జట్లకు ఫలితమూ దక్కలేదు. ఆ ఫుట్‌బాల్ జట్లలో వార్మప్ ఎక్కువసార్లు చేసినవారికి గాయాలు తక్కువగా, తక్కువసార్లు చేసినవారికి ఎక్కువగా నమోదయ్యాయి. సమయం సంగతంటారా, ఇది ఇప్పుడున్న వార్మప్‌కు అదనం కాదు, దాని స్థానంలో చేసేది. రెండు రౌండ్ల పరుగుకూ సాగదీతలకూ ఎలాగూ పది పదిహేను నిమిషాలు పోతున్నాయి. వారానికి రెండు మూడు సార్లు చేస్తే చాలు. విసుగు పోగొట్టే ఉపాయం శిక్షకుల చేతిలో ఉంది. ఒంటికాలి నిలకడలో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి ఒకరినొకరు తట్టమంటే అది ఆటే అవుతుంది. బోనస్ గీత దాకా పరుగు, ఒక్కసారి ఆగడం, వెనక్కి అడుగులు, పక్కకు మళ్లడం అన్నీ కూతలో భాగాలే. వార్మప్‌లో చేయించినవి నైపుణ్య సాధనలోకే వస్తాయి.

కండబలం

శిక్షకుడు: బలం గురించి చెప్పనవసరం లేదు. పాతకాలపు తాలింఖానాల నుంచి దండీలు, బస్కీలు మనకు ఉన్నవే. వాటితో పెరిగిన ఒళ్లకు ఈ మోకాలి జబ్బులు ఎక్కడున్నాయి?

ఫిజియో: దండీలు, బస్కీలు మానవద్దు. అవి చవకైన, మంచి వ్యాయామాలు. బస్కీల బలం ఎక్కువగా తొడ ముందు కండరానికి చేరుతుంది. కాలి ఎముకను ముందుకు లాగేది ఆ కండరమే. దాన్ని వెనక్కి పట్టి ఉంచి ఏసీఎల్‌కు సాయం చేసేది తొడ వెనుక కండరం, హామ్‌స్ట్రింగ్. వేగంగా పరుగెత్తే రైడర్‌కు పట్టేసేదీ అదే. ముందు బలం పెంచి వెనుక బలాన్ని వదిలేస్తే మోకాలికి ఒక పక్క కాపలా లేనట్టే.

శిక్షకుడు: వెనుక బలానికి జిమ్ము, యంత్రాలు కావాలి. పల్లెటూరి జట్టుకు అవెక్కడివి?

ఫిజియో: ఏ యంత్రమూ అక్కర్లేదు. నార్డిక్ అనే వ్యాయామం ఉంది. ఒకరు మోకాళ్ల మీద నిలవాలి. వెనుక నుంచి మరొకరు అతని చీలమండలను గట్టిగా నేలకు అదిమి పట్టుకోవాలి. మోకాళ్ల నుంచి తల దాకా ఒళ్లు నిటారుగా ఉంచి, నడుము వంచకుండా, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. ఇక ఆపలేననిపించినప్పుడు చేతులు ఆనించాలి. డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్లకు చెందిన 942 మంది మీద దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. నార్డిక్ చేసిన 461 మందిలో హామ్‌స్ట్రింగ్ గాయాలు 15. చేయని 481 మందిలో 52.

శిక్షకుడు: అది చేసిన మర్నాడు పిల్లలు మెట్లు దిగలేరు. ఒకసారి చేసినవాడు రెండోసారి దాని జోలికి వెళ్లడు.

ఫిజియో: మొదటి రోజే ముప్పై సార్లు చేయిస్తే అలాగే అవుతుంది. ఆ పరిశోధనలో మొదటి వారం ఒక్కరోజే చేయించారు, అయిదేసి చొప్పున రెండు విడతలు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి చొప్పున. అయిదో వారానికి గానీ 12, 10, 8 చొప్పున మూడు విడతలకు చేరలేదు. మొత్తం పది వారాలు పట్టింది. ఆ క్రమం పాటిస్తే నొప్పులు భరించగలిగినంతే ఉంటాయి. మ్యాచ్ ముందు రోజు మాత్రం వద్దు.

గజ్జల కండరానికీ ఇలాంటి వ్యాయామం ఉంది. ఒక పక్కకు పడుకుని మోచేతి మీద ఆనితే, జతగాడు పై కాలిని నడుము ఎత్తులో పట్టుకుంటాడు. ఆ కాలి బలంతో ఒంటిని పైకి లేపాలి. నార్వే పురుషుల ఫుట్‌బాల్ జట్లలో దీనివల్ల గజ్జల సమస్యల ముప్పు సుమారు 40 శాతం తగ్గింది. బోనస్ కోసం కాలు చాచే రైడర్‌కు ఇది తప్పనిసరి.

శిక్షకుడు: పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు బలం వ్యాయామాలు పెడితే ఎత్తు ఆగిపోతుందని తల్లిదండ్రులు భయపడతారు.

ఫిజియో: ఆ భయానికి ఆధారం లేదు. పక్కన ఉండి పద్ధతి నేర్పుతూ, భారాన్ని మెల్లగా పెంచితే ఎదుగుదలకు ఏ హానీ జరగదు. ఎముకలు గట్టిపడతాయి కూడా. పెద్దవాళ్ల బరువులు పోటీకి ఎత్తించడమే ప్రమాదం.

దిగడం, ఆగడం, పట్టడం

ఫిజియో: బలం తర్వాత చూడవలసింది కదలిక తీరు. దూకి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా, నిటారుగా బిగుసుకుని ఉందా అన్నది ఎదురుగా నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మోకాలు కాలివేళ్ల వరసలోనే ఉండాలి, మెత్తగా వంగాలి, నడుమూ వంగాలి. చప్పుడు ఎంత తక్కువైతే అంత బాగా దిగినట్టు. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే పిల్లలు తమ తప్పు తామే పట్టుకుంటారు.

శిక్షకుడు: దీనికి మైదానం భాషలో వేరే మాట ఉంది. పెద్ద అంగతో ఆగొద్దు, చిన్న చిన్న అడుగులతో ఆగు అని రైడర్‌కు మొదటి నెలలోనే చెబుతాం. నడుము కిందికి ఉంచమంటాం. అది పాయింటు కోసం చెప్పేది. మోకాలికీ అదే మందు అంటే సంతోషమే. మీ పుస్తకాల్లో లేని మాట ఒకటి ఉంది. గాయాన్ని ఆపేది వ్యాయామం ఒక్కటే కాదు, నైపుణ్యం. తొడపట్టు వేసే డిఫెండర్ తలను రైడర్ మోకాళ్లకు ఎదురుగా పెడితే అతనికే దెబ్బ. తల పక్కకు ఉండాలి, చూపు పైకి ఉండాలి, రెండు చేతులూ ఒకేసారి బిగుసుకోవాలి. చేతులు కలిపి చైన్ వేసేవాళ్లు ఒకరి అడుగు ఒకరు చూసుకోవాలి. పట్టు సరిగ్గా రానివాడిని మ్యాచ్‌లో దించితే తానూ దెబ్బతింటాడు, ఎదుటివాడినీ దెబ్బతీస్తాడు.

ఫిజియో: ఇక్కడ మీ మాటే చెల్లాలి. ఇది శిక్షకుడు తప్ప మరొకరు నేర్పలేరు. ఒక్క నియమం దానికి చేర్చాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, మాట తడబడినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా, వాంతి అయినా ఆ ఆటగాడు ఆ రోజుకు బయటికి రావాల్సిందే. వెంటనే వైద్యుడికి చూపించాలి. పాయింట్ల తేడా ఎంతున్నా ఇందులో సడలింపు ఉండకూడదు.

ఆడపిల్లల జట్లు

శిక్షకుడు: ఆడపిల్లలకు మోకాలి గాయాలు ఎక్కువ అంటున్నారు. ఒళ్లు సున్నితం కాబట్టే కదా?

ఫిజియో: ఒకే రకం ఆట ఆడే పురుషులతో పోలిస్తే మహిళల్లో ఏసీఎల్ తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువని చాలా పరిశీలనలు చూపాయి. తుంటి, మోకాలి నిర్మాణం, హార్మోన్ల పాత్ర గురించి చర్చ సాగుతూనే ఉంది. శిక్షకులు మార్చగలిగింది తొడ వెనుక బలం, పిరుదుల బలం, దిగే తీరు. చిన్నప్పటి నుంచి చెట్లెక్కి, దూకి, పరుగెత్తే అవకాశం అబ్బాయిలకు దొరికినంతగా అమ్మాయిలకు దొరకదు. ఆ లోటును తర్ఫీదు పూడ్చాలి. నివారణ వ్యాయామాల వల్ల మేలు జరుగుతుందని బాగా రుజువైంది కూడా యువతుల జట్లలోనే. సున్నితం అని తేలిక వ్యాయామాలు ఇవ్వడం వాళ్లకు అన్యాయం చేయడమే.

శిక్షకుడు: ఇంకో ఇబ్బంది ఉంది. వయసు విభాగాల్లో బరువు పరిమితి ఉంటుంది. బరువు చూసే రోజు దగ్గరపడితే పిల్లలు తిండి మానేస్తారు, నీళ్లు కూడా తాగరు. చాలామంది శిక్షకులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

ఫిజియో: గాయాలకు అదే పెద్ద దారి. ఒళ్లు ఖర్చు చేసే శక్తికి సరిపడా తిండి పడకపోతే ఎముక మరమ్మతు కుంటుపడుతుంది. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవడం దానికి స్పష్టమైన హెచ్చరిక. మూడు నెలలు నెలసరి రాకపోతే వైద్యురాలికి చూపించాలి. శిక్షకుడు సిగ్గుపడి అడగకపోతే, ఆ పిల్ల సిగ్గుపడి చెప్పకపోతే, కాలి ఎముకలో సన్నని పగులు వచ్చాక గానీ సంగతి బయటపడదు. అడిగే బాధ్యతను ఒక మహిళా ఉపాధ్యాయురాలికి అప్పగించడం మంచిది.

ఎంత సాధన, ఎంత విశ్రాంతి

శిక్షకుడు: ఫిజియోలు సాధన తగ్గించమంటారు. తగ్గిస్తే ఒళ్లు మెత్తబడుతుంది. మెత్తబడ్డ ఒంటికే గాయాలు.

ఫిజియో: ఆ చివరి మాట నూటికి నూరు పాళ్లూ నిజం. విశ్రాంతి ఒక్కటే నివారణ కాదు. కష్టపెట్టని కండరం, ఎముక బలపడవు. చిక్కు ఎక్కడంటే, ఉన్నట్టుండి పెంచడంలో. నెలల తరబడి ఆడని కుర్రాడు సంక్రాంతి పోటీల్లో ఒకే రోజు మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడతాడు. గుండె, కండరం కొన్ని వారాల్లో కొత్త భారానికి అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్, ఎముక అంత త్వరగా మారవు. వాటికి నెలలు పడుతుంది.

శిక్షకుడు: వారానికి పది శాతం మించి పెంచొద్దని ఒక నియమం చెబుతుంటారు. అదైనా గట్టిదా?

ఫిజియో: అది అంత గట్టిది కాదు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మందితో దాన్ని పరీక్షించారు. ఒక వర్గం పది శాతం నియమంతో 13 వారాలు, మరో వర్గం మామూలు పద్ధతిలో 8 వారాలు సాధన చేసింది. రెండింటిలోనూ సుమారు అయిదో వంతు మందికి గాయాలయ్యాయి. అందరికీ సరిపోయే అంకె లేదు. మెల్లగా పెంచడం, పెంచిన వారం ఒంటి జవాబు చూసుకోవడం, వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వడం, ఇవి నిలిచే సూత్రాలు. నొప్పి వార్మప్‌తో తగ్గకపోయినా, మర్నాటి ఉదయానికి పెరిగినా ఆ భారం ఎక్కువైనట్టు.

నిద్ర కూడా తర్ఫీదులో భాగమే. అమెరికాలో బడి క్రీడాకారులను పరిశీలించినప్పుడు, ఎనిమిది గంటల కంటే తక్కువ నిద్రపోయేవారికి గాయాల అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. ఇక వేసవి శిబిరాలు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో పగటి సాధన పెట్టకూడదు. ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఎండ దిగాకే. ఎండలో మాట తడబడి సోలిపోయినవాడిని ముందు నీళ్లతో తడిపి చల్లార్చాలి, ఆ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నేల, బూట్లు, నీక్యాప్

శిక్షకుడు: మట్టి కోర్టులో కాలు కాస్త జారుతుంది, మ్యాట్ మీద అతుక్కుంటుంది. మ్యాట్ వచ్చాకే మోకాళ్లు పోతున్నాయని పాతవాళ్ల అభిప్రాయం.

ఫిజియో: పాదం ఎంత గట్టిగా అతుక్కుంటే మెలి అంతగా మోకాలికి చేరుతుందన్నది నిజం. అలాగని మట్టి సురక్షితమూ కాదు. గట్టిబడిన నేల, రాళ్లు, గాజుముక్కలు, తడి మరకలు దానికీ ప్రమాదాలే. మ్యాట్ మీద పోటీకి వెళ్లే జట్టు మట్టిలోనే సాధన చేసి నేరుగా వెళ్లడం తప్పు. కొన్ని వారాల ముందు నుంచైనా మ్యాట్ మీద, మ్యాట్ బూట్లతో అలవాటు చేసుకోవాలి. మట్టి కోర్టును ప్రతిరోజూ ఏరి, తవ్వి మెత్తగా చేసి, చదును చేసుకోవాలి. మ్యాట్ ముక్కల మధ్య సందులు లేకుండా చూసుకోవాలి.

శిక్షకుడు: నీక్యాప్ వేసుకుంటే మోకాలికి భయం లేదనుకునే పిల్లలు ఎక్కువ.

ఫిజియో: మెత్తటి నీక్యాప్ చర్మం గీరుకుపోకుండా కాపాడుతుంది. ఏసీఎల్‌ను కాపాడదు. చీలమండ సంగతి వేరు. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ. అక్కడ గట్టి బ్రేస్ గానీ టేపు గానీ నిజంగా పనిచేస్తుంది. ఒంటికాలి నిలకడ వ్యాయామాలు కూడా చేస్తే ఇంకా మేలు.

దెబ్బ తగిలిన వెంటనే

శిక్షకుడు: బెణికితే ఐసు పెట్టి, కట్టు కట్టి, పడుకోబెడతాం. వాపు తగ్గకపోతే కీలు లాగించి మర్దన చేయిస్తాం.

ఫిజియో: లాగించడం, గట్టిగా మర్దన చేయించడం తొలి రోజుల్లో వద్దేవద్దు. లోపల తెగి ఉంటే మరింత చెడుతుంది. విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, ఎత్తులో ఉంచడం అన్న సూత్రాన్ని అమెరికా వైద్యుడు గేబ్ మర్కిన్ 1978లో ప్రచారంలోకి తెచ్చారు. పూర్తి విశ్రాంతి, అతిగా ఐసు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో ఆయనే తన అభిప్రాయం మార్చుకున్నారు. నొప్పి తగ్గడానికి కాసేపు ఐసు పెట్టవచ్చు. గుడ్డ చుట్టి పెట్టాలి, చర్మానికి నేరుగా తగలకూడదు. తొలి రెండు మూడు రోజులు కాలికి రక్షణ, కట్టు, ఎత్తు. ఆ తర్వాత నొప్పి అనుమతించినంత మేర కదలిక మొదలుపెట్టాలి.

శిక్షకుడు: ఏది ఊళ్లో మానేది, ఏది ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది? అన్నిటికీ పట్నం పరుగెత్తలేం.

ఫిజియో: గుర్తులు ఉన్నాయి. మోకాలిలో పటుక్కుమన్నట్టు అనిపించడం, కొద్ది గంటల్లోనే వాచిపోవడం, నిలబడితే మోకాలు తప్పుకుపోయినట్టు ఉండటం, ఈ మూడూ ఏసీఎల్‌ను అనుమానించాల్సిన లక్షణాలు. మోకాలు మడవలేక, చాపలేక ఇరుక్కుపోయినా చూపించాలి. చీలమండ దెబ్బలో నాలుగు అడుగులు వేయలేకపోయినా, మడమ పైనున్న ఎముక గుబ్బల వెనుక నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నంత మాత్రాన లిగమెంటు బాగున్నట్టు కాదు. అది వైద్యుడి పరీక్షలో, ఎంఆర్ఐలో తెలుస్తుంది.

తిరిగి కోర్టులోకి

శిక్షకుడు: గాయాన్ని గురించి ఇంత భయపెట్టడం కూడా ఆటకు మంచిది కాదు. పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలి లిగమెంటు తెగి కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. పి.వి. సింధు 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాలి నొప్పితో ఆడి స్వర్ణం తెచ్చారు. వెనకడుగు వేసి ఉంటే ఆ విజయాలు వచ్చేవా?

ఫిజియో: ఆ రెండు ఉదాహరణలనూ చివరిదాకా చెప్పుకోవాలి. గోపీచంద్ గాయానికీ ఆ విజయానికీ మధ్య శస్త్రచికిత్స ఉంది, ఏళ్ల తరబడి పట్టుదలతో చేసిన సాధన ఉంది. సింధు ఎడమ చీలమండలో ఏర్పడింది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు. ఆ స్వర్ణం తర్వాత ఆమె అదే నెల జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమయ్యారు. మళ్లీ పోటీల్లోకి వచ్చింది 2023 జనవరిలో. వాళ్ల ధైర్యం గొప్పది. దానితోపాటు వాళ్ల ఓపికనూ పిల్లలకు చెప్పాలి.

శిక్షకుడు: వాళ్ల వెనుక అకాడమీలు, వైద్యులు ఉన్నారు. మామూలు ఇంటి కుర్రాడికి ఒక్క సీజన్ పోతే రాష్ట్ర జట్టు పోతుంది, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం పోతుంది. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకే దిగుతానని వాడే పట్టుబడతాడు. ఆపడం ఎలా?

ఫిజియో: వాడికి లెక్క చెప్పి ఆపాలి. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆటలోకి వెళ్లిన 25 ఏళ్ల లోపువారిలో దాదాపు నలుగురిలో ఒకరికి రెండోసారి తెగుతోంది, అదే మోకాలో రెండోదో. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, తొమ్మిదో నెల వరకు ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలికి మళ్లీ గాయమయ్యే అవకాశం సగానికి తగ్గుతూ వచ్చింది. అంటే ఆరో నెలలో దిగేవాడు సీజన్ కాపాడుకోవడం లేదు, కెరీర్‌ను పందెంలో పెడుతున్నాడు. తొమ్మిది నెలలు నిండటం ఒక షరతు. దెబ్బతగిలిన కాలి బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరడం, ఒంటికాలి గెంతుల్లో రెండు కాళ్లూ సమానంగా దూరం వెళ్లడం, పట్టుకు భయపడకుండా సాధన మ్యాచ్ ఆడగలగడం మిగతా షరతులు. ఇంకో మాట. నొప్పి తెలియకుండా సూది వేయించి మ్యాచ్ ఆడించడం మానాలి. నొప్పి ఆగుతుంది గానీ గాయం ఆగదు.

శిక్షకుడు: ఆ తొమ్మిది నెలలూ వాడు జట్టుకు దూరమై, మనసు పాడుచేసుకుని, చివరికి ఆటే మానేస్తున్నాడు. దానికీ వైద్యం ఉందా?

ఫిజియో: ఉంది. అది మీ దగ్గర ఉంది. రోజూ మైదానానికి రప్పించండి. చేతుల వ్యాయామం, కూత సాధన, స్కోరు రాయడం, చిన్నవాళ్లకు పట్టు నేర్పడం, ఏదో ఒక పని ఇవ్వండి. జట్టులో ఉన్నానన్న భావన ఉన్నవాడే వ్యాయామం మానకుండా చేస్తాడు.

తేలిన విషయాలు

ఈ వాదనలో రెండు పక్షాలూ కొన్ని చోట్ల కలిశాయి. ఒళ్లు రాటుదేలాలన్న శిక్షకుడి మాట నిలిచింది. సాధన లేని దేహమే త్వరగా దెబ్బతింటుంది. పట్టు నైపుణ్యమే పెద్ద రక్షణ అన్నదీ నిలిచింది. గాయం ఆటలో భాగమే కాబట్టి చేసేదేమీ లేదన్న మాట మాత్రం నిలవలేదు. కదలిక నేర్పితే, తొడ వెనుక బలం పెంచితే, భారాన్ని క్రమంగా ఎక్కిస్తే గాయాలు గణనీయంగా తగ్గుతాయని వేల మంది క్రీడాకారుల మీద జరిగిన పరీక్షలు చూపుతున్నాయి. అన్ని గాయాలనూ ఆపే వ్యాయామం లేదు. పట్టులో పడే మెలి, పక్క నుంచి తగిలే డాష్ ఎప్పటికీ ఉంటాయి. ఉద్యోగం, ఎంపిక చుట్టూ ఉన్న ఒత్తిడిని తీర్చడం శిక్షకుడి వల్లా కాదు, ఫిజియో వల్లా కాదు. ఆ పని క్రీడా సంఘాలది, ప్రభుత్వాలది. గాయపడిన ఆటగాడికి తొమ్మిది నెలలు ఆగే వీలు కల్పించే నిబంధనలు వాళ్లే చేయాలి.

ఏ జట్టయినా రేపటి నుంచే మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. వారానికి రెండు మూడు రోజులు 20 నిమిషాల వార్మప్, జతగాడి సాయంతో నార్డిక్, దిగే తీరు చూసి దిద్దడం, ఎనిమిది గంటల నిద్ర, బరువు కోసం పస్తులుండకపోవడం, మోకాలు వాచినవాడిని ఆ రోజే ఆటలోంచి తప్పించి వైద్యుడికి చూపించడం. వీటిలో దేనికీ ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. తెలుగు ఊళ్లలో కబడ్డీ నేర్పే ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ, ప్రతి శిక్షకుడూ వీటిని ఈ సీజన్ నుంచే అమలు చేయాలి.